జ్వరం తగ్గడం లేదు, డాక్టర్ ‘ఐఎల్-2 రిసెప్టర్’ పరీక్ష రాశారు.. ఏమిటిది? రిపోర్టును ఎలా చదవాలి?

నెల్లూరు తీరంలో పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మైపాడు, కృష్ణపట్నం, కోవూరు, కావలి వైపు వాన వెలిసిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నీళ్లు నిలుస్తాయి. నీళ్ల వెనకే దోమలు, దోమల వెనకే జ్వరాలు. చాలా జ్వరాలు వారంలోపే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం తగ్గవు. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కాలేయం వాస్తుంది, మనిషి నీరసించిపోతాడు. అప్పుడు డాక్టర్ రాసే చీటీలో మీరు ఎప్పుడూ వినని పేరు ఒకటి కనిపించవచ్చు: ‘సాల్యుబుల్ ఐఎల్-2 రిసెప్టర్’. కొన్ని ల్యాబ్‌లు దీన్నే ‘సాల్యుబుల్ సీడీ25’ అంటాయి. రెండూ ఒకటే.

నమూనా బయటి ఊరికి పంపాలంటారు. రిపోర్టు రావడానికి రోజులు పడుతుందంటారు. వచ్చిన రిపోర్టులో వేలల్లో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె దేన్ని కొలుస్తోంది? ఎలా కొలుస్తారు? దాన్ని చూసి భయపడాలా? మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చేసే డెంగీ ఎలైజా పరీక్షకూ దీనికీ ఉన్న సంబంధం ఏమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సైటోకైన్, రిసెప్టర్ అంటే ఏమిటి?

ఒంట్లోకి వైరస్ గానీ బ్యాక్టీరియా గానీ వచ్చినప్పుడు రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే చిన్న ప్రొటీన్లే సైటోకైన్లు. వేటకు వెళ్లిన బోటుకు ఒడ్డు నుంచి వైర్‌లెస్‌లో కబురు వెళ్లినట్టు అనుకోండి. కబురు అందాలంటే బోటులో దాన్ని అందుకునే యాంటెనా ఉండాలి. కణం మీద ఉండే ఆ యాంటెనాయే రిసెప్టర్.

ఇంటర్‌ల్యూకిన్-2, అంటే ఐఎల్-2, టీ కణాలకు ‘పెరగండి, రంగంలోకి దిగండి’ అని చెప్పే సైటోకైన్. దాన్ని అందుకునే రిసెప్టర్‌లో మూడు భాగాలు ఉంటాయి: ఆల్ఫా, బీటా, గామా. ఇందులో ఆల్ఫా భాగానికే సీడీ25 అని పేరు. చాలావరకు టీ కణాలు మామూలుగా ఉన్నప్పుడు వాటి మీద ఈ ఆల్ఫా భాగం అంతగా కనిపించదు. కణం ఉత్తేజితం అయినప్పుడు మాత్రం విపరీతంగా పెరుగుతుంది.

అలా పెరిగిన రిసెప్టర్లలో కొన్నింటి బయటి భాగం తెగి రక్తంలో కలుస్తుంది. కణాన్ని విడిచి రక్తంలో తిరుగుతున్న ఈ ముక్కనే ‘సాల్యుబుల్ రిసెప్టర్’ అంటారు. బోట్ల నుంచి ఊడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన యాంటెనాలను లెక్కపెడితే, సముద్రంలో ఎన్ని బోట్లు యాంటెనాలు ఎత్తాయో అంచనా వేయవచ్చు కదా. ఈ పరీక్ష చేసేది కూడా అదే.

ఉత్తేజితమైన లింఫ్ కణాలు ఈ రిసెప్టర్ ముక్కలను విడుదల చేస్తాయని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో లారెన్స్ రూబిన్, డేవిడ్ నెల్సన్ తదితరులు 1985లో చూపించారు. వాళ్లు వాడింది కూడా రెండు యాంటీబాడీల సాండ్‌విచ్ పరీక్షనే. నలభై ఏళ్లు గడిచినా పద్ధతి సారాంశం మారలేదు.

సాండ్‌విచ్ అని ఎందుకు అంటారు?

ఒక చుక్క రక్తంలో వేల రకాల ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో మనకు కావాల్సింది ఒక్కటే, అదీ అతి కొద్ది పరిమాణంలో. మిల్లీలీటరులో గ్రాములో లక్ష కోట్లవ వంతు, అంటే పికోగ్రాముల లెక్కలో దాన్ని కొలవాలి. తూకం వేసే వస్తువు కాదు. అందుకే యాంటీబాడీల సాయం తీసుకుంటారు. ఒక యాంటీబాడీ ఒక నిర్దిష్టమైన ఆకారాన్ని మాత్రమే పట్టుకుంటుంది.

ఈ పరీక్షలో యాంటీబాడీలు రెండు. మొదటిది కిందకు అతికించిన గాలం లాంటిది, రిసెప్టర్‌ను పట్టి ఆపుతుంది. రెండోది చేతిలో దీపం ఉన్న మనిషి లాంటిది, పట్టుబడిన రిసెప్టర్‌ను మరోవైపు నుంచి పట్టుకుంటుంది. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కూర పెట్టినట్టు, రెండు యాంటీబాడీల మధ్య రిసెప్టర్ చిక్కుకుంటుంది. పేరు అలా వచ్చింది.

రెండు ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ఒక్క యాంటీబాడీ పొరపాటున వేరే ప్రొటీన్‌ను పట్టుకునే అవకాశం ఉంటుంది. కానీ ఒకే ప్రొటీన్ మీద రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు యాంటీబాడీలు సరిగ్గా అతుక్కుంటేనే దీపం వెలుగుతుందంటే పొరపాటుకు చోటు బాగా తగ్గుతుంది. ఇంటి తలుపుకు రెండు తాళాలు వేసినట్టన్నమాట.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

అరచేతి కంటే కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ ప్లేటు. అందులో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున 96 చిన్న గుంటలు. ఎలైజా ప్లేటు అంటే ఇదే. పని ఇలా సాగుతుంది.

1. ప్రతి గుంట అడుగున మొదటి యాంటీబాడీ అతికించి ఉంటుంది. ఖాళీగా మిగిలిన చోట వేరే ప్రొటీన్లు అంటుకోకుండా ఒక పూత వేస్తారు.

2. మీ రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుపురంగు ద్రవం, అంటే సీరంను, పలచన చేసి ఒక గుంటలో పోస్తారు. చాలా ల్యాబ్‌లు నమ్మకం కోసం ఒకే నమూనాను రెండు గుంటల్లో పోస్తాయి.

3. కొంతసేపు ఉంచితే రిసెప్టర్లు గాలానికి చిక్కుతాయి. తర్వాత ప్లేటును పదే పదే కడుగుతారు. చిక్కనివన్నీ కొట్టుకుపోతాయి.

4. రెండో యాంటీబాడీ పోస్తారు. దానికి నేరుగా గానీ, బయోటిన్ అనే అతుకు ద్వారా గానీ ఒక ఎంజైమ్ జతచేసి ఉంటుంది. మళ్లీ కడుగుతారు.

5. రంగునిచ్చే ద్రావణం పోస్తారు. ఎంజైమ్ ఉన్న గుంటల్లో నీలం రంగు వస్తుంది. ఆమ్లం వేసి చర్యను ఆపితే అది పసుపుగా మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే రిసెప్టర్ అంత ఎక్కువ.

6. 450 నానోమీటర్ల కాంతిని పంపి ఆ రంగు చిక్కదనాన్ని యంత్రం చదువుతుంది.

మొత్తం కొన్ని గంటల పని. ఎలైజా అనే పేరులోని ‘ఎంజైమ్’ ఇదే. 1971లో స్టాక్‌హోం విశ్వవిద్యాలయంలో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మాన్ ఈ పద్ధతిని ప్రకటించారు. దాదాపు అదే సమయంలో నెదర్లాండ్స్‌లో మరో బృందం విడిగా ఇదే దారి కనిపెట్టింది. అంతకుముందు ఇలాంటి కొలతలకు రేడియోధార్మిక పదార్థాలు వాడేవారు. ఆ పాత పద్ధతిని రూపొందించినందుకే రోసలిన్ యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. రేడియోధార్మికత స్థానంలో ఎంజైమ్ రావడంతో ఈ తరహా పరీక్షలు జిల్లా ఆసుపత్రి ల్యాబ్ దాకా రాగలిగాయి.

ఒకే రకం యాంటీబాడీని కావాల్సినంత తయారు చేసే విధానాన్ని 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. అది లేకుంటే ఏ కిట్టూ ఇవాళ వచ్చిన ఫలితాన్ని రేపు మళ్లీ ఇవ్వలేదు.

రంగు అంకెగా ఎలా మారుతుంది?

ప్లేటులో కొన్ని గుంటలు రోగులవి కావు. వాటిలో ఎంత రిసెప్టర్ ఉందో ముందే తెలిసిన ద్రావణాలు పోస్తారు. వీటిని స్టాండర్డ్‌లు అంటారు. తక్కువ నుంచి ఎక్కువకు వాటి రంగు చిక్కదనాన్ని గ్రాఫు మీద గీస్తే ఒక వంపు గీత వస్తుంది. మీ నమూనా రంగు ఆ గీత మీద ఎక్కడ పడిందో చూసి పరిమాణం చెబుతారు. నమూనాను పలచన చేసి ఉంటే, అన్ని రెట్లతో హెచ్చవేస్తారు. ఉదాహరణకు, పది రెట్లు పలచన చేసిన నమూనాకు గీత మీద 310 వస్తే, అసలు విలువ 3,100.

రిపోర్టు ఆలస్యం కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒక్క మనిషి నమూనా ఉన్నా, స్టాండర్డ్‌లూ కంట్రోల్‌లూ అన్నీ పోయాల్సిందే. ఒక్క నమూనా కోసం ప్లేటు తెరిస్తే కిట్టులో చాలా భాగం వృథా. అందుకే ఈ తరహా అరుదైన పరీక్షలను ల్యాబ్‌లు నమూనాలు కొన్ని కూడాక ఒకేసారి వేస్తాయి. కొన్ని పెద్ద ల్యాబ్‌లు ప్లేటుకు బదులు పూర్తిగా యంత్రం మీదే చేస్తాయి, అక్కడ రంగుకు బదులు వెలుగును కొలుస్తారు. సూత్రం మాత్రం అదే సాండ్‌విచ్.

డాక్టర్ ఈ పరీక్ష ఎందుకు రాస్తారు?

ఎక్కువగా ఒక అనుమానంతో. దాని పేరు హెచ్‌ఎల్‌హెచ్. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, సొంత ఒంటినే దెబ్బతీసే పరిస్థితి అది. కోవిడ్ కాలంలో మీరు విన్న ‘సైటోకైన్ తుపాను’కు దగ్గరి చుట్టం. పిల్లల్లో జన్యులోపం వల్ల రావచ్చు. పెద్దల్లో ఎక్కువగా మరో జబ్బు దీన్ని రగిలిస్తుంది: ఎప్‌స్టీన్-బార్ వైరస్, డెంగీ, స్క్రబ్ టైఫస్, క్షయ, లింఫోమా అనే రక్త క్యాన్సర్, కొన్ని రకాల కీళ్లవ్యాధులు. ఇది అరుదైన పరిస్థితి. డెంగీ వచ్చిన వాళ్లలో అత్యధికులకు ఇది రాదు. కానీ వచ్చిన వాళ్లకు ప్రాణాపాయం.

హెచ్‌ఎల్‌హెచ్‌ను ఒక్క పరీక్షతో తేల్చరు. డాక్టర్లు చాలాకాలంగా వాడుతున్న 2004 నాటి ప్రమాణాల్లో ఎనిమిది అంశాలు ఉన్నాయి. వాటిలో ఐదు ఉండాలి.

• జ్వరం

• ప్లీహం పెరగడం

• రక్తకణాల్లో కనీసం రెండు రకాలు పడిపోవడం (ఉదాహరణకు హిమోగ్లోబిన్ 9 కంటే, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ)

• పరగడుపున ట్రైగ్లిజరైడ్స్ 265 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ, లేదా ఫైబ్రినోజెన్ 150 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ (రెండూ డెసిలీటరుకు)

• ఫెరిటిన్ మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ

• ఎముక మజ్జ వంటి చోట్ల కణాలను కణాలే మింగుతున్నట్టు కనిపించడం

• ఎన్‌కే కణాల పనితీరు తగ్గడం

• సాల్యుబుల్ ఐఎల్-2 రిసెప్టర్ మిల్లీలీటరుకు 2,400 యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ

ఈ జాబితాలో మొదటి ఐదింటిని జాగ్రత్తగా చూడండి. జ్వరం, ప్లీహం సంగతి డాక్టర్ చేతితో తడిమి, అల్ట్రాసౌండ్‌తో చూసి చెబుతారు. రక్తకణాల లెక్క, ట్రైగ్లిజరైడ్స్, ఫెరిటిన్ దగ్గర్లోని ఊళ్లోనే దొరికే పరీక్షలు. అంటే ఐఎల్-2 రిసెప్టర్ రిపోర్టు చేతికి రాకముందే, ఐదు అంశాలు నిండినా నిండవచ్చు. నిండితే డాక్టర్ చికిత్స మొదలుపెడతారు. ‘ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం’ అని ఇంట్లో వాళ్లు ఒత్తిడి చేయడం ప్రమాదం.

అంకె ఎక్కువ వస్తే దేనికి గుర్తు?

తుపాను వచ్చేటప్పుడు కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేస్తారు. ఆ నంబరు గాలి ఉధృతి ఎంతో చెబుతుంది. ఏ ఇంటి పైకప్పు ఎగిరిపోతుందో చెప్పదు. ఐఎల్-2 రిసెప్టర్ అంకె కూడా అంతే. టీ కణాలు ఎంత ఉద్ధృతంగా ఉన్నాయో చెబుతుంది. ఎందుకు ఉన్నాయో చెప్పదు.

తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లలో ఇది పెరుగుతుంది. లింఫోమాలో, సార్కాయిడోసిస్‌లో పెరుగుతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయని వాళ్లలో కూడా ఎక్కువగా ఉంటుంది. చిన్నపిల్లల్లో మామూలు స్థాయే పెద్దవాళ్ల కంటే ఎక్కువ. కాబట్టి అంకె ఎక్కువ ఉన్నంత మాత్రాన హెచ్‌ఎల్‌హెచ్ అనీ, క్యాన్సర్ అనీ మీకు మీరే నిర్ణయించుకోకండి. మిగతా రిపోర్టులతో కలిపి చూస్తేనే దానికి అర్థం.

ఇంకో ముఖ్యమైన చిక్కు యూనిట్లది. కొన్ని ల్యాబ్‌లు ‘మిల్లీలీటరుకు యూనిట్లు’ అని ఇస్తాయి, మరికొన్ని ‘మిల్లీలీటరుకు పికోగ్రాములు’ అని ఇస్తాయి. రెండూ ఒకటి కావు. ఒక కిట్టు యూనిట్‌కూ మరో కిట్టు యూనిట్‌కూ కూడా సరిగ్గా పొంతన కుదరదు. పికోగ్రాముల్లో వచ్చిన 3,000ను 2,400 యూనిట్ల గీటుతో పోల్చి బెంబేలు పడటం తప్పు. రిపోర్టులో అదే ల్యాబ్ ముద్రించిన సాధారణ పరిధిని చూడండి. రెండోసారి పరీక్ష చేయించాల్సి వస్తే, అదే ల్యాబ్‌లో చేయించండి. చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది ఒక్క అంకె కంటే, ఒకే ల్యాబ్ ఇచ్చిన రెండు మూడు అంకెలు దిగుతున్నాయా ఎక్కుతున్నాయా అన్న తీరే బాగా చెబుతుంది.

పరీక్ష తప్పు చెప్పే అవకాశం ఉందా?

ఉంది. ఏ సాండ్‌విచ్ పరీక్షకైనా తెలిసిన బలహీనతలు కొన్ని ఉన్నాయి.

ప్లేటు సరిగా కడగకపోతే అతుక్కోని యాంటీబాడీలు మిగిలిపోయి, అంకె ఎక్కువ వస్తుంది. కంట్రోల్ గుంటలు ఉండేది ఈ పొరపాటును పట్టుకోవడానికే.

రక్తంలో రిసెప్టర్ మరీ ఎక్కువగా ఉంటే ఒక్కోసారి అంకె తక్కువ వస్తుంది. గాలానికి పట్టుబడిన రిసెప్టర్ ఒకటి, దీపానికి అతుక్కున్న రిసెప్టర్ మరొకటి అయిపోయి, రెండూ కలవవు. నమూనాను మరింత పలచన చేసి మళ్లీ వేస్తే నిజం బయటపడుతుంది. మనిషి పరిస్థితి చూస్తే విషమంగా, అంకె చూస్తే మామూలుగా ఉంటే డాక్టర్లు ఇలా మళ్లీ వేయమని అడుగుతారు.

కొందరి రక్తంలో జంతువుల యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. కిట్లలో వాడే యాంటీబాడీలు చాలావరకు ఎలుకల నుంచి వచ్చినవే. రిసెప్టర్ లేకపోయినా ఇవి రెండు యాంటీబాడీలనూ కలిపేసి, అంకె పెంచగలవు.

జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? బయోటిన్‌ను అతుకుగా వాడే పరీక్షల్లో అది అడ్డుపడి, సాండ్‌విచ్ ఫలితాన్ని ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు. దీనిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరిక జారీ చేసింది. రక్తం ఇచ్చే ముందు ఆ మాత్రల సంగతి చెప్పండి.

మూత్రపిండం మార్పిడి చేయించుకున్న వాళ్లకు ఇచ్చే బాసిలిక్సిమాబ్ మందు నేరుగా సీడీ25కే అతుక్కుంటుంది. ఆ మందు వాడి ఉంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కు, ల్యాబ్‌కు తెలియాలి.

డెంగీ పరీక్షకూ దీనికీ ఏమిటి సంబంధం?

డెంగీ ‘ఎన్ఎస్1’ పరీక్ష కూడా సాండ్‌విచ్ పరీక్షే. అక్కడ గాలానికి చిక్కేది రిసెప్టర్ కాదు, వైరస్ విడుదల చేసే ఎన్ఎస్1 అనే ప్రొటీన్. మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ కిట్, కోవిడ్ ర్యాపిడ్ కిట్, డెంగీ ర్యాపిడ్ కార్డు కూడా కాగితం మీద వేసిన సాండ్‌విచ్‌లే. కార్డు మీద కనిపించే గీత, ఎలైజా గుంటలో రంగు చేసే పనే చేస్తుంది. కాకపోతే కార్డు ‘ఉంది, లేదు’ అని చెబుతుంది. ఎలైజాలో స్టాండర్డ్‌లు, కంట్రోల్‌లు పక్కనే ఉంటాయి కాబట్టి ఎక్కువ నమ్మవచ్చు. అందుకే జాతీయ కార్యక్రమం డెంగీ నిర్ధారణకు ఎలైజానే సిఫార్సు చేస్తోంది.

ఇక్కడ రోజుల లెక్క కీలకం. జ్వరం మొదలైన రోజు నుంచి ఐదు రోజుల్లోపు అయితే ఎన్ఎస్1. ఐదు రోజులు దాటితే ఐజీఎం ఎలైజా. సెంటినెల్ ఆసుపత్రులుగా ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రులకు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారు చేసిన ఐజీఎం కిట్లు ఉచితంగా అందుతాయి. కాబట్టి జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందో రాసిపెట్టుకోండి. రక్తం తీసేవారు అడగకపోయినా చెప్పండి.

ఎన్ఎస్1 నెగటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదని కాదు. గతంలో ఒకసారి డెంగీ వచ్చిన వాళ్ల ఒంట్లో పాత యాంటీబాడీలు ఉంటాయి. అవి ఎన్ఎస్1ను ముందే కప్పేస్తే, కిట్టులోని యాంటీబాడీలకు పట్టుకునే చోటు దొరకదు. రెండోసారి వచ్చే డెంగీ తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ. సరిగ్గా ఆ మనుషుల్లోనే పరీక్ష తప్పిపోయే అవకాశమూ ఎక్కువన్నమాట.

స్క్రబ్ టైఫస్‌ను కూడా మరచిపోకండి. పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల ఇది వస్తుంది. కుట్టిన చోట కాలిన మచ్చలాంటి నల్లటి పొక్కు కొందరిలో కనిపిస్తుంది. చంకలు, గజ్జలు, నడుము దగ్గర వెతకాలి. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో నయమవుతుంది. బలమైన అనుమానం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే డాక్టర్లు ఇది మొదలుపెడతారు. ఖరీదైన పరీక్ష కోసం పరుగు తీసే ముందు ఈ పొక్కు కోసం ఒళ్లంతా చూశారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

నమూనా బయటి ఊరికి పంపేటప్పుడు ఏం చూడాలి?

ఐఎల్-2 రిసెప్టర్ పరీక్ష ప్రతి ల్యాబ్‌లో ఉండదు. నెల్లూరు తీరంలో తీసిన నమూనా జాతీయ రహదారి మీదుగా చెన్నై వైపో, మరో పెద్ద నగరానికో వెళ్లాల్సి రావచ్చు. ఈ జిల్లాలో జ్వరాలు పెరిగే కాలం, వరదలు వచ్చే కాలం ఒకటే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో మనుషులతో పాటు నమూనాలూ ఆగిపోతాయి.

రక్తం తీశాక సీరం వేరు చేసి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి, ఐసు ప్యాకులతో పంపాలి. ఆలస్యం తప్పదనుకుంటే గడ్డకట్టించి పంపుతారు. గడ్డకట్టించడం, కరిగించడం పదే పదే జరిగితే ప్రొటీన్ దెబ్బతింటుంది. నమూనా తీసిన సమయం, ల్యాబ్‌కు చేరిన సమయం రెండూ రిపోర్టు మీద ఉండాలి. చూసుకోండి.

ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అడగండి. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి గంపగుత్తగా ఇచ్చేది కాదు, ఏయే పరీక్షలకో విడిగా ఉంటుంది. ‘ఈ పరీక్షకు ఉందా?’ అన్నదే సరైన ప్రశ్న.

ఈ కొలత వల్ల చికిత్సకు ఏం లాభం?

కొలవడం తెలిస్తే, ఆపడం ఎక్కడో తెలుస్తుంది. రిసెప్టర్ల మీద వచ్చిన పరిశోధన మందులుగా మారింది. కోవిడ్ రెండో వేవ్‌లో కుటుంబాలు వెతుక్కుంటూ తిరిగిన టోసిలిజుమాబ్, ఐఎల్-6 రిసెప్టర్‌ను మూసేసే యాంటీబాడీ. కీళ్లవాతానికి వాడే ఇటానర్‌సెప్ట్ అయితే ఏకంగా ల్యాబ్‌లో తయారు చేసిన టీఎన్ఎఫ్ రిసెప్టరే. టీఎన్ఎఫ్ అనే సైటోకైన్‌ను అది దారిలోనే పట్టేస్తుంది.

ఈ రంగంలో తెలుగువారి పేరు కూడా ఉంది. కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో చదువుకుని, అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ తిరుమలదేవి కన్నెగంటి బృందం 2021 జనవరిలో ‘సెల్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. సైటోకైన్లు చాలా ఉన్నా, టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా రెండూ కలిసినప్పుడే కణాలు పెద్దఎత్తున చనిపోతున్నాయని ఆ బృందం చూపించింది. ఆ రెండింటినీ యాంటీబాడీలతో అడ్డుకుంటే కోవిడ్, సెప్సిస్, హెచ్‌ఎల్‌హెచ్ నమూనాల్లో ఎలుకలు ప్రాణాలతో బయటపడ్డాయి. ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితం. కానీ ఒంట్లో చెలరేగిన తుపానులో ఏ గాలిని ఆపాలో తెలియాలంటే ముందు దాన్ని కొలవాలన్న మాటకు ఇది మంచి ఉదాహరణ.

డాక్టర్‌ను, ల్యాబ్‌ను ఏం అడగాలి?

• ఈ పరీక్ష ఫలితం వల్ల చికిత్స మారుతుందా? ఫలితం రాకముందే చికిత్స మొదలుపెడుతున్నారా?

• బ్లడ్ కౌంట్, ఫెరిటిన్, ట్రైగ్లిజరైడ్స్, ఫైబ్రినోజెన్ చూశారా?

• డెంగీ, స్క్రబ్ టైఫస్, మలేరియాలకు పరీక్షలు అయ్యాయా? ఏ రోజు నమూనాతో?

• నమూనా ఏ ల్యాబ్‌కు వెళ్తోంది? ఎన్ని రోజుల్లో రిపోర్టు వస్తుంది?

• రిపోర్టు ఏ యూనిట్లలో ఇస్తారు? సాధారణ పరిధి ఎంత?

• డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆసుపత్రిలో చేరి ఉంటే, ఈ పరీక్ష ఖర్చు ప్యాకేజీలో భాగమా? ఆసుపత్రిలోని పథకం హెల్ప్‌డెస్క్‌లో అడగండి. బయట డబ్బు కట్టాల్సి వస్తే రసీదు తప్పకుండా తీసుకోండి.

ఎప్పుడు ఆగకూడదు?

డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. జ్వరం తగ్గింది కదా అని వేటకో, చెరువు మీదకో, పనికో వెళ్లిపోయే రోజులు అవే. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మలం నల్లగా రావడం, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, మగత, చేతులు కాళ్లు చల్లబడటం.. వీటిలో ఏది కనిపించినా ఏ రిపోర్టు కోసమూ ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరండి. సందేహాలకు 104 ఉంది.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా చేయించిన ప్రతి రిపోర్టూ, జ్వరం మొదలైన తేదీ రాసిన కాగితమూ వెంట తీసుకెళ్లండి. మీరు చేరే ఆసుపత్రిలో డాక్టర్‌కు రోగిని చూసిన వెంటనే పనికొచ్చేవి అవే.